ఇంటి గుట్టు – శాస్త్రపు తాళము

“మందు వ్రాయుడు, ఖర్చు పెట్టెదము, వంశవృత్తాంతము మాత్రము అడుగకుడు.” కావలి మొదలు సూళ్లూరుపేట వఱకు మన తీరమున చదువుకొన్న గృహస్థుల వైద్యనీతి ఇది. ఉదయము లేచి గంటకు పైగా పిడికిలి ముడువలేని కోడలిని గూర్చి “సముద్రపు గాలి పడలేదు” అని పొరుగువారికి చెప్పుదురు. బుగ్గలపై ఎఱ్ఱని మచ్చలు లేచి జ్వరము విడువని కూతురి మందుచీటీలు పెండ్లి ముహూర్తము దాటువఱకు బీరువా అడుగున పడియుండును. పెండ్లియైన పిదప ఆ రహస్యమును అత్తవారు మఱింత భద్రముగా కాపాడుదురు. దీనికి పరువని పేరు. ఆ పరువును మోయుచున్నవి ఆ పిల్ల కీళ్లు.

ఇప్పుడీ గృహస్థులకు క్రొత్త ఆయుధ మొకటి దొరకినది. జన్యుపరిశోధనకై కొంచెము రక్తమును, కుటుంబములోని వ్యాధుల చరిత్రమును ఇండని యెవరైన అడిగినచో “అది మా ఆంతరంగిక విషయము; దాచుకొనుట మా హక్కు” అనుచున్నారు. నిన్న పరువన్న దానినే నేడు హక్కనుట నేర్చిరి. ఈ రెండును ఒకటి కావని చెప్పుటకే ఈ వ్యాసము.

దేహమును కాపాడవలసిన రక్షణశక్తి తన పర భేదము మఱచి సొంత కణములపైననే తిరుగబడుట ఈ జబ్బుల లక్షణము. వైద్యులు వీనిని ఆటోఇమ్యూన్ వ్యాధులందురు. రుమటాయిడ్ కీళ్లవాతము, లూపస్, తఱచుగా బాల్యముననే పట్టుకొను మొదటి తరహా మధుమేహము, థైరాయిడ్ గ్రంథిని క్షీణింపజేయు హషిమోటో వ్యాధి ఈ కోవలోనివి. మాధవకరుని నిదానగ్రంథమున ఆమవాతమునకు ప్రత్యేకాధ్యాయము కలదు. ఆ లక్షణములు చదివినవారికి కీళ్లవాతము మన దేశమునకు నిన్న వచ్చినది కాదని తోచును. అది పురుషులలో కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము. లూపస్ రోగులలో పదుగురికి తొమ్మండుగురు స్త్రీలే. కావున ఇంటి గుట్టు అన్నప్పుడు అది ఎవరి దేహముమీద కట్టిన గుట్టో పాఠకులు ఆలోచింతురు గాక.

మేనరికములు మానినంతనే ఈ రోగములన్నియు మాయమగునని కొందఱు సంస్కర్తలు ఉపన్యసింతురు. మేనరికమును నేనును మెచ్చను. కాని ఆ వాదము ఇచట చాలదు. ఒక్క జన్యుదోషము తల్లివైపునుండియు తండ్రివైపునుండియు వచ్చి కలిసినప్పుడు పుట్టు రోగముల సంగతి వేఱు. కీళ్లవాతమున ఆఱవ క్రోమోజోముమీది హెచ్.ఎల్.ఏ. జన్యువులు పెద్ద పాలు వహింపగా, తక్కినవి వందకు పైగా స్థానములు ఒక్కొక్కటి ఇసుమంత చేర్చును. పొగత్రాగుటవంటి బాహ్యకారణములు తోడగును. ఇట్టి సూక్ష్మప్రభావములు పదిమంది రోగులను పరీక్షించిన కనబడవు. వేలు, లక్షలు కావలెను. ఏ ఒక్క ఆసుపత్రియు, ఏ ఒక్క దేశమును వానిని సమకూర్చజాలదు గనుకనే శాస్త్రజ్ఞులు తమ దత్తాంశములను ఒండొరులతో పంచుకొనుచున్నారు.

2014లో ‘నేచర్’ పత్రికయందు వెలువడిన పరిశోధన లక్షమందికి పైగా జనుల జన్యువులను పోల్చి కీళ్లవాతముతో సంబంధముగల 101 స్థానములను గుర్తించినది. ఆ జనులు ప్రధానముగా ఐరోపా సంతతివారును, జపాను మొదలగు తూర్పు దేశములవారును. ఒకరి ఫలితము మఱియొకరికి యథాతథముగా చెల్లునా? చెల్లదు. పి.టి.పి.ఎన్.22 అను జన్యువునందలి యొక మార్పు ఐరోపావారిలో ఈ రోగమునకు ముఖ్యకారణములలో నొకటి. జపానువారిలో ఆ మార్పు దాదాపు కానరాదు. మన కోడలికి ఏ మార్పు కీడు చేయుచున్నదో మనవారి జన్యువులు చూడక చెప్పుట యెట్లు? నెల్లూరి పేరు పెట్టుకొని బ్రెజిలు దేశమున వృద్ధి చెందిన మన పశుజాతి జన్యుక్రమము 2012లోనే ప్రచురింపబడినది. నెల్లూరి ఎద్దునకు దక్కిన శ్రద్ధ నెల్లూరి ఆడుదానికి దక్కవలదా?

మన దేశమున పని మొదలైనది. కేంద్రప్రభుత్వపు బయోటెక్నాలజీ శాఖవారు 2020లో ఆరంభించిన జీనోమ్ ఇండియా ప్రణాళికయందు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. మొదలుగాగల 20 సంస్థలు చేరి, 83 సముదాయములనుండి 10,000 మంది జన్యుక్రమములను సిద్ధపఱచినవి. 2025 జనవరి 9వ తేదీన వానిని పరిశోధకులకు అందుబాటులోనికి తెచ్చిరి. అవి ఫరీదాబాదులోని భారతీయ జీవశాస్త్ర దత్తాంశ కేంద్రమున భద్రపఱుపబడినవి. అయితే ఆ రక్తమిచ్చినవారు ఆరోగ్యవంతులు. అది కొలబద్ద మాత్రమే. కొలువవలసిన రోగుల వృత్తాంతము మన బీరువాలలో నున్నది.

“ఇచ్చినచో బజారున పడదా?” అందురు. ఆ భాండాగారము బజారు కాదు. దానికి తాళము కలదు. పరిశోధకుడు తానెవరో, ఏ ప్రయోజనమునకు కోరుచున్నాడో వ్రాసి దరఖాస్తు పెట్టుకొనవలెను. ఒక సంఘము దానిని విచారించును. పేర్లు తొలగించి, గుర్తుసంఖ్యలు వేసిన దత్తాంశమే అతని చేతికి వచ్చును. ఎవరి రక్తమో కనుగొన యత్నింపననియు, ఇతరులకు అందింపననియు అతడు ఒడంబడిక వ్రాయవలెను. ఈ తాళము ఊరక పుట్టినది కాదు. వేలమంది లెక్కలను కలిపి మొత్తముగా ప్రకటించినను, ఒక మనిషి జన్యుక్రమము చేతనున్నవాడు ఆ మనిషి ఆ గుంపులో కలడో లేడో పట్టగలడని 2008లో కొందఱు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. వెంటనే అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు అంతవఱకు బాహాటముగ నుంచిన ఆ లెక్కలను తలుపు లోపలికి మార్చినవి. అపాయమును కప్పిపుచ్చక ఒప్పుకొని కట్టిన తలుపది. మన ఇంటి గుట్టునకు ఇట్టి చరిత్ర యున్నదా?

ఇంతవఱకు పరువుగల గృహస్థులతో నా వాదము. భయపడుటకు నిజమైన కారణము గలవారు వేఱుగ నున్నారు. మన జిల్లాలోని యానాదుల సంగతి చూడుడు. మదరాసు మ్యూజియమునకు అధ్యక్షుడైన ఎడ్గార్ థర్‌స్టన్ దొర కొలమానములు పట్టుకొని దక్షిణదేశపు జాతులవారి తలలను, ముక్కులను కొలిచి 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. అందు యానాదులకును చోటు కలదు. 1911 నాటి నేరజాతుల చట్టము మదరాసు రాజధానికిని వర్తించినది. యానాదులకును నేరజాతి యను ముద్ర పడినది. దేశమంతటను ఆ చట్టము పూర్తిగా తొలగుట స్వతంత్రము వచ్చిన పిదప 1952లో గాని జరుగలేదు. దేహమును కొలిచిన చేతికిని, పేరు నమోదు చేసిన చేతికిని నడుమ దూరమెంతయో వారికి తెలియును. కులము పేరును, ఊరి పేరును కలిపి చెప్పినచో చిన్న సముదాయమున మనిషిని పోల్చుట యెంతసేపు? ఆ జంకును మూఢత్వమనువారు చరిత్ర చదువనివారు.

సమ్మతి సంగతియు అట్టిదే. 2009లో అప్పటి మన రాష్ట్రములోని ఖమ్మము జిల్లాయందు పాత్ అను సంస్థ గర్భాశయ క్యాన్సరు టీకాను బాలికలపై పరీక్షించినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము సమర్పించిన నివేదికలో, చూచిన 9,543 సమ్మతిపత్రములలో 2,763 హాస్టలు వార్డెన్లు సంతకము చేసినవనియు, 1,948 వ్రేలిముద్రలు వేసినవనియు కలదు. తండ్రికి బదులు వార్డెను! బడిపంతులనై ఈ సంఖ్యను చదివి సిగ్గుపడితిని. పేదపిల్ల పక్షమున సంతకము చేయుటకు ఉద్యోగి చాలునని తలచినచోట ఎంత గట్టి తాళమైనను దేనిని కాపాడును?

చట్టమంతయు చూచుకొనునని నిదురింపరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణచట్టము, నిర్ణీత ప్రమాణములు పాటించు పరిశోధనకు మినహాయింపు ఇచ్చినది. మినహాయింపు తప్పని నేననను; అది లేక పరిశోధన సాగదు. కాని అందువలన భారమంతయు ఆ తాళపుచెవి పట్టుకొన్న సంఘముపై పడినది. ఆ సంఘమున శాస్త్రజ్ఞులును అధికారులునే యున్న చాలదు; రక్తమిచ్చిన సముదాయములవారును, ముఖ్యముగ రోగులైన స్త్రీలును కూర్చుండవలెను. కులమును, ఊరును జతగా ఎవరికిని ఈయరాదు. ఎవరెవరు దత్తాంశమును తీసికొనిరో, దానివలన ఏమి కనుగొనిరో ఏటేట తెలుగులో ప్రకటింపవలెను.

ఇక మన ఇంటి పని. సమ్మతిపత్రము వచ్చినప్పుడు దానిని అందుకొనవలసినది మామగారు కాదు, భర్తయు కాదు. కీళ్లు ఎవరివో వారు. తన దత్తాంశము ఏ రోగపు పరిశోధనకు పోవునో, దేశము దాటునో దాటదో, తరువాత వలదన్న తీసివేయుదురో లేదో ఆమెయే అడుగవలెను. ఆ మాటలు తెలుగులో లేనిచో పత్రమును త్రిప్పి పంపవలెను. చదువురాని తల్లికి చదివి వినిపించుటకు మావంటి పంతుళ్లము ప్రతి యూరను ఉన్నాము. వినిపించుటకే గాని, ఆమెకు బదులు సంతకము చేయుటకు కాదు.