లోపల మిగిలిన క్లిప్పు గురించి రోగికి చెప్పాలి

ఊపిరితిత్తుల ఆపరేషన్ అంటే ఒకప్పుడు వీపు నుండి పక్క వరకు పెద్ద కోత. 1990ల నుండి కెమెరా సాయంతో చిన్న రంధ్రాల ద్వారా చేయడం పెరిగింది. నొప్పి తక్కువ, త్వరగా ఇంటికి పోవచ్చు. మంచిదే. అయితే అంత ఇరుకు చోట దారంతో ముడి వేయడం కష్టం గనుక, రక్తనాళాలను, శ్వాసనాళాన్ని ఎక్కువగా టైటానియం పిన్నులతోనో క్లిప్పులతోనో మూస్తారు. అవి లోపలే ఉండిపోతాయి.

చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. కానీ ఊపిరితిత్తి రోజుకు ఇరవై వేలసార్లు కదిలే అవయవం. అరుదుగా ఒక క్లిప్పు నెలలకో, ఏళ్ళకో మెల్లగా జరిగి శ్వాసనాళంలోకి చొచ్చుకు వస్తుంది. అప్పుడు తగ్గని దగ్గు, కళ్ళెలో రక్తం, ఒకే చోట మళ్ళీమళ్ళీ న్యుమోనియా. కొందరు దగ్గినప్పుడు క్లిప్పే బయట పడింది.

ఉప్పల్, నాచారం, నారపల్లి వైపు రక్తం పడిందంటే అందరి నోటా వచ్చే మాట టీబీ. కళ్ళె పరీక్ష తప్పక చేయించాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. కానీ మన దేశంలో ఈ ఆపరేషన్లు పాత టీబీ పాడుచేసిన ఊపిరితిత్తులకు కూడా జరుగుతాయి. కాబట్టి పరీక్షలో ఏమీ లేకపోయినా "తిరగబెట్టింది" అని మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఆ రోగికి కావలసింది సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ. క్లిప్పు పెద్ద రక్తనాళం పక్కన ఉంటే తొందరపడి లాగకూడదు, అందుకే సీటీ ముందు.

ప్లాస్టిక్ క్లిప్పులైతే మామూలు ఎక్స్‌రేలో కనబడవు. ఏ రకం వాడారో తెలియకపోతే కొత్త డాక్టరు ఏమని వెతుకుతారు?

ఇక్కడే నా అభ్యంతరం. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును, చికిత్స మొదలైన నాటి నుండి 3 సంవత్సరాలు ఉంచితే చాలు. క్లిప్పు అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది గదా! డిశ్చార్జి కాగితంలో ఏ క్లిప్పు, ఎక్కడ, ఎన్ని అని తెలుగులో ఒక్క వాక్యం రాస్తే ఖర్చేమీ కాదు. రోగి భయపడతాడని కొందరు డాక్టర్లు అంటారు. గుండెలో స్టెంట్ వేసినప్పుడు కార్డు ఇస్తున్నాం, ఎవరూ భయపడటం లేదు.

ఆపరేషన్ అయినవారు ఆ కాగితం ఇంట్లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని అవే నిబంధనలు చెబుతున్నాయి.