మొదటి రోడ్ బైక్‌కి కార్బన్ ఎందుకు? ముందు గేర్ పళ్లు లెక్కపెట్టండి!

ఫోన్ కొనేటప్పుడు ఫ్రేమ్ టైటానియమా కాదా అనేకన్నా లోపల చిప్‌సెట్ ఏంటో ముందు చూస్తాం కదా. అదే రోడ్ బైక్ దగ్గరికొచ్చేసరికి "కార్బనా, అల్యూమినియమా?" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఈఎంఐ పెట్టి మరీ కార్బన్ కొంటున్నారు. నన్నడిగితే మొదటి బైక్‌కి అది దండగ ఖర్చు.

నానక్‌రామ్‌గూడలో ఓఆర్‌ఆర్ పక్కనున్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్‌నే తీసుకోండి. 2023 అక్టోబర్‌లో మొదలైన ఈ 23 కిలోమీటర్ల ట్రాక్ మీద స్పీడ్ పెంచుతుంటే మనల్ని వెనక్కి లాగేది ప్రధానంగా గాలి, బరువు కాదు. పైగా మంచి అల్యూమినియం ఫ్రేమ్‌కీ, కార్బన్‌కీ తేడా సుమారు అర కిలో. అంటే అర లీటరు నీళ్లంత!

అసలు కథ గేర్లది. నేను మొదట కొన్నది సెకండ్ హ్యాండ్ కార్బన్ బైకే. చిన్న గేర్‌లో ముందు 39 పళ్లు, వెనక 25. పెడల్ ఒక్కసారి తిప్పితే చక్రం 1.56 చుట్లు తిరుగుతుంది. ట్రాక్ మీద సూపర్‌గా ఉండేది. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కేటప్పుడు మాత్రం మోకాళ్లు పట్టేసి, దిగి నెట్టుకుంటూ వెళ్లాను. మామూలు అల్యూమినియం బైక్ మీద ఒకాయన తాపీగా తిప్పుకుంటూ నన్ను దాటిపోయాడు. ఆయనది ముందు 34, వెనక 32. అంటే 1.06 చుట్లే.

అందుకే ముందు 50/34 కాంపాక్ట్, వెనక 11-32 లేదా 11-34 క్యాసెట్ ఉన్నది చూడండి. స్పీడ్ తగ్గుతుందని భయం వద్దు. 50/11లో నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకు 50 కి.మీ. దాటుతుంది. ట్రాక్ మీద అంతకంటే ఏం కావాలి?

రేసులే మీ టార్గెట్ అయితే కార్బన్ తీసుకోండి, తప్పు లేదు. కానీ గట్టిగా పడితే లోపలి పగులు పైకి కనిపించకపోవచ్చు. చెక్ చేయించకుండా మళ్లీ ఎక్కితే రిస్కే. ఇక ట్రాక్ దాటాక వచ్చే గుంతల్లో మీ నడుముని కాపాడేది ముఖ్యంగా టైర్లు. 32 ఎంఎం పట్టే ఫ్రేమ్ అయితే బెస్ట్.

షాపులో బైక్‌ని ఒక చేత్తో ఎత్తి "అబ్బ, ఎంత తేలికో!" అని మురిసిపోకండి. ముందు సైజ్ సరిపోయిందో చూసుకోండి, తర్వాత పళ్లు లెక్కపెట్టండి. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, హెల్మెట్ కొనుక్కోండి.