గోడ కీవల మంట, ఆవల సెగ

ఈ వారము ఒక పాలకర్మాగారమును చూడబోయి, అచ్చటి పరిశుభ్రతకు సంతసింపవలసినవాడను, చిరాకుతో మరలి వచ్చితిని. గోడకు ఈవల ఊక మండించి బాయిలరులో ఆవిరి పుట్టించుచున్నారు. గోడకు ఆవల అమ్మోనియా కంప్రెసర్లు పాలనుండి లాగిన వేడినంతయు, కండెన్సరుపై నీళ్లు చల్లి, ఆకాశమునకు ధారపోయుచున్నారు.

శీతలయంత్రము వేడిని ఒక చోటినుండి మరియొక చోటికి మోయు కూలి వంటిది. ఒక యూనిట్టు విద్యుత్తును కూలిగా పుచ్చుకొని మూడు నాలుగు యూనిట్ల వేడిని పాలనుండి తొలగించి, పుచ్చుకొన్న యూనిట్టును గూడ వేడిగా మార్చి, వెరసి నాలుగైదు యూనిట్లను వెలుపల దింపును. ఎక్కడ దింపవలెనో చెప్పవలసినవారము మనము. కంప్రెసరునుండి వెలువడు అమ్మోనియా 100 డిగ్రీలకు అటునిటుగా కాగియుండును గనుక, కండెన్సరు చేరకమునుపే దానిని డీసూపర్‌హీటరను ఉపకరణము గుండ నడపినచో, పారబోయు వేడిలో పదవ వంతైనను 60 డిగ్రీల నీరై చేతికి వచ్చును. క్రేట్లు కడుగుటకును బాయిలరునకు పోవు నీటిని ముందుగా వెచ్చచేయుటకును అదియే చాలునని అనను గాని, ఊక లారీలు కొన్ని తగ్గుట నిశ్చయము. తక్కిన వేడిని పైకెత్తుటకు హీట్‌పంపు వలయును, దాని వెల యెక్కువ, అది నేనడుగుట లేదు. ఇట్లే వేడిని పారబోయు గుంటూరు మిరపకాయల శీతలగిడ్డంగులను కూడ నిందింపను. వేడినీటితో వారికి పని యేమి?

ఇదే కర్మాగారములో, పాశ్చరైజరునందు 72 డిగ్రీల పాలు లోనికి వచ్చు చల్లని పాలకు తమ వేడిని ఒప్పగించి పోవును. నూటికి 90 వంతుల వేడి అచ్చటనే తిరిగి దక్కును. అంత నేర్పు పక్కగదికి రాకపోవుటకు కారణము పద్దులే యని నేనీ శీర్షికలో ఎన్నిమార్లు మొత్తుకొంటినో, పాఠకులకు విసుగు పుట్టియుండును. ఊక పద్దు ఒకరిది, కరెంటు పద్దు వేరొకరిది. ఉపకరణము కొనవలసినది శీతలవిభాగము, మెప్పు పొందునది బాయిలరు విభాగము. ఇక దస్త్రము కదలునా?

వేడి పోయిన పోనిండు. దానిని మోసికొనిపోవు నీటి మాట యేమి? 100 యూనిట్ల వేడిని వదిలించుకొనుటకు దాదాపు 150 లీటర్ల నీరు ఆవిరి కావలెను; ఆ నీరు బోరుబావిది. నీటిని, నేలను, చెట్లను కాపాడుటకై 2002లో వాల్టా చట్టము చేసికొన్న రాష్ట్రములో, పక్క ఊరివారు ట్యాంకరుకై బిందెలు వరుసపెట్టుచుండగా, ఈ బోరు రాత్రింబవళ్లు తోడుచునే యున్నది. మీ బోరునకు మీటరున్నదా యని మేనేజరుగారిని అడిగితిని. ఆయన మజ్జిగ తెప్పించిరి.