అమ్మ పోతేనే అన్నం కథవుతుందా?

జపాన్ వాళ్ళ యానిమేల్లో స్లైస్ ఆఫ్ లైఫ్ అని ఒక రకం ఉంది. వాటిలో యుద్ధాలుండవు, రాక్షసులుండరు, లోకాన్ని కాపాడే వీరులూ ఉండరు. బడికి వెళ్ళడం, వండుకోవడం, తినడం, కబుర్లు చెప్పుకోవడం, అంతే. రోజువారీ బతుకు కథలు అనుకోండి. ఈ కథలు ఇదివరకటిలా లేవు, చాలా ఎదిగాయి అని పిల్లలు అంటుంటారు. మారిన మాట నిజమే. కాలేజీ చదివే పిల్ల పక్కన కూర్చుని నేనూ బోలెడు చూశాను, చాలావాటిని ఇష్టంగానే చూశాను. కానీ ఎదిగాయి అన్న మాట దగ్గరే నాకు పేచీ. రోజువారీ బతుకు అంటూనే, ఆ బతుకుని రోజూ నడిపే మనిషిని మెల్లగా పక్కకి తప్పించారు.

మొదట్లో ఇలా లేదు. 'సజాయే సాన్' సంగతే చూడండి. మచికో హసెగావా అనే ఆవిడ 1946లో దాన్ని పత్రికలో బొమ్మల కథగా మొదలుపెట్టింది. 1969 నుంచి ఇప్పటిదాకా ప్రతి ఆదివారం సాయంత్రం టీవీలో వస్తూనే ఉంది. లోకంలో అన్నిటికన్నా ఎక్కువ కాలంగా నడుస్తున్న యానిమేషన్ సీరియల్‌గా గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. అది అయిపోతుంటే రేపు మళ్ళీ సోమవారం కదా అని అక్కడి వాళ్ళకి దిగులు పుడుతుంది. ఆ దిగులుకి 'సజాయే సాన్ సిండ్రోమ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇంతకీ అందులో ముఖ్యపాత్ర ఎవరనుకుంటున్నారు? ఒక గృహిణి. హడావిడి మనిషి, నోరున్న మనిషి. వాళ్ళాయన అత్తారింట్లోనే ఉంటాడు, మన ఇల్లరికపుటల్లుడిలాగా. ఆ ఇంట్లో వంటా వార్పూ ఆడవాళ్ళ పనే, పాతకాలపు పద్ధతే. అది నాకు నచ్చదు. అయినా కథ మాత్రం ఆ ఇల్లాలిదే.

1999లో ఇసావో తకహతా తీసిన 'మై నైబర్స్ ది యమదాస్' సినిమా ఉంది. అందులో తల్లి మత్సుకోకి బద్ధకం, మతిమరుపు. పూటపూటకీ ఏం వండాలో తోచదు. టీవీ చానల్ కోసం మొగుడితో పంతం పడుతుంది. బజారుకి వెళ్ళి, చిన్నకూతుర్ని అక్కడే మర్చిపోయి ఇంటిదారి పట్టిన కుటుంబం వాళ్ళది. ఆవిడ దేవతా కాదు, త్యాగమూర్తీ కాదు. మనలాంటి మనిషి.

ఆ తర్వాత కథ ఇంట్లోంచి బడికి మారింది. 2009లో వచ్చిన 'కె-ఆన్' అందుకు పెద్ద గుర్తు. తీసింది నవోకో యమదా, ఆవిడా ఆడమనిషే. హైస్కూలు ఆడపిల్లలు సంగీతం క్లబ్బు పెట్టుకుంటారు. పాడేదానికంటే టీ తాగుతూ కేకులు తినేదే ఎక్కువ. చూడటానికి ఎంత హాయో! అయితే అందులో యుయి అనే పిల్ల ఇంట్లో అమ్మానాన్నా ఎప్పుడూ ఊళ్ళు తిరగడానికి పోయుంటారు. మరి ఆ పిల్లకి అన్నం ఎవరు పెడతారు? చెల్లెలు ఉయి. అక్కకంటే చిన్నది. వంటా ఇల్లు సర్దడమూ అన్నీ తనే. ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ మురిసిపోతారు. చూశారా, తెర మీంచి తల్లి పోయింది గానీ పని పోలేదు. ఇంకో ఆడపిల్ల నెత్తికి చేరింది.

ఇక పని మీదే కథ నడవాలంటే ఏం కావాలి? ఒకటి, తల్లి చచ్చిపోవాలి. 2016లో వచ్చిన 'స్వీట్‌నెస్ అండ్ లైట్నింగ్'లో భార్య పోయిన ఒక టీచరు, చిన్నకూతురి కోసం వంట నేర్చుకుంటాడు. మట్టిపాత్రలో అన్నం ఉడుకుతుంటే ఆ పాప కళ్ళప్పగించి చూస్తుంది. ఎవరికైనా గుండె కరుగుతుంది. నాకూ కరిగింది. కానీ తల్లి బతికున్నన్నాళ్ళు వండిన అన్నం మీద ఎవరూ కథ రాయలేదే! అదే ఏడు వచ్చిన 'మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్'లోనూ తల్లి లేదు. పెద్దమ్మాయి అకారి ఇంటిల్లిపాదికీ వండిపెడుతూ, పొద్దున తాత మిఠాయి కొట్టులో, కొన్ని రాత్రులు బార్లో పనిచేస్తుంది.

రెండోది, ఆ పని మగవాడు చెయ్యాలి. 2011 నాటి 'ఉసాగి డ్రాప్'లో పాపని పెంచడానికి దాయికిచి ఎక్కువ గంటలు లేని చిన్న పనికి మారతాడు. ఎంత త్యాగమో అనిపిస్తుంది. అతని ఆఫీసులోనే బిడ్డ కోసం అలా మారిన ఒకావిడ ఉంటుంది. కథ మాత్రం ఆవిడది కాదు. 2021లో వచ్చిన 'ది వే ఆఫ్ ది హౌస్‌హజ్బెండ్'లో పేరుమోసిన రౌడీ ఒకడు అన్నీ వదిలేసి, భార్య ఉద్యోగానికి వెళ్తే ఇల్లు చూసుకుంటాడు. మరకలు వదిలించడం ఒక యుద్ధం, తగ్గింపు ధరల సరుకులు ఇంకో యుద్ధం. కడుపుబ్బ నవ్వాను. మగవాళ్ళు వంటింట్లోకి రావడం మంచిదే, రావాలి కూడా. కానీ అతను చేస్తే యుద్ధమైన పని, ఆమె చేసినన్నాళ్ళూ గోడ మీది కేలండర్ బొమ్మలా ఎందుకుండిపోయింది?

"అమ్మ గిన్నెలు తోముతుంటే ఎవరు చూస్తారు?" అని అడుగుతారు. ఎందుకు చూడరు? షిన్‌చాన్ మన టీవీల్లో తెలుగు మాటలతో కూడా వచ్చింది. మొగుడి జీతం చాలక సణుగుతూ, డిస్కౌంటు కనపడితే పరిగెడుతూ, మధ్యాహ్నం కునుకు తీసే వాళ్ళమ్మని మన పిల్లలు విసుగు లేకుండా చూశారు. 2022లో 'బొచ్చి ది రాక్' వచ్చింది. నలుగురితో మాట్లాడాలంటే వణికిపోయే పిల్ల కథ అది. ఆ భయాన్ని ఎన్ని రకాల బొమ్మల్లో చూపించారో! నోరు పెగలని పిల్ల గుండెదడని అంత బాగా చూపించగల చేతులకి, రేపు టిఫిన్ ఏం చెయ్యాలా అని రాత్రి పదకొండింటికి పప్పు నానబోస్తూ ఆలోచించే ఆడదాని మనసు చూపించడం చేతకాదంటే నేను నమ్మను. చూపించాలని అనుకోలేదు, అంతే.

కార్టూన్ల మీద ఇంత గొడవెందుకు అంటారేమో. మన పిల్లల్ని "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగితే "ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది" అంటారు. ఆ జవాబు వాళ్ళకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసిచూసి వచ్చింది. ఎవరూ పట్టించుకోని చిన్నచిన్న సంగతుల్ని పట్టి చూపిస్తాం అని పుట్టిన కథలు కూడా అదే జవాబు చెబితే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

అందుకని చూడొద్దు అనను. పిల్లలతో కలిసి చూడండి. ఆ ఆడపిల్లలు టీ తాగి, కేకులు తిని, నవ్వుకుంటూ లేచి వెళ్ళిపోతారు కదా, అప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఈ కప్పులు ఎవరు కడుగుతారే?"