తాత చొక్కాని ఎవరు చూస్తారు?

మొన్న మా బడిలో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం: "మనుషులు లేని ఓడలు వరమా, శాపమా?" వరం అన్నవాళ్ళకే మొదటి బహుమతి వచ్చింది. నేను శాపం వైపు. సగం చెప్పేసరికే గంట కొట్టేశారు. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు అవతలివాళ్ళ మాట చెప్తాను. నార్వేలో యారా బిర్కెలాండ్ అనే ఓడ ఉంది. పొడవు 80 మీటర్లు, 120 కంటైనర్లు మోస్తుంది, బ్యాటరీతో నడుస్తుంది. 2022 నుంచి ఎరువుల ఫ్యాక్టరీ సరుకుని రేవుకి చేరుస్తోంది. మెల్లమెల్లగా మనుషుల్ని తగ్గించి, చివరికి దాన్ని తనంతట తానే నడిచేలా చేయాలని వాళ్ళ ఆలోచన. డీజిల్ పొగ ఉండదు, రోడ్డు మీద లారీలు తగ్గుతాయి. మంచిదే. "యంత్రానికి నిద్ర రాదు, ఇంటి మీద బెంగ ఉండదు" అని నా స్నేహితురాలు అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కానీ మేం గోపాల్‌పూర్‌లో వేట మీద బతికేవాళ్ళం. మా నాన్నకి నాలుగేళ్ళప్పుడు తాత పడవ ఇంజిన్ నడిసముద్రంలో ఆగిపోయింది. రెండు రోజులు కొట్టుకుపోయారు. తాగే నీళ్ళు అయిపోయాయి. దూరంగా పెద్ద ఓడ కనిపిస్తే తాత ఎర్ర చొక్కా విప్పి, తెడ్డుకి కట్టి ఊపాడు. ఓడ మీద ఎవరో చూశారు. ఓడ ఇటు తిరిగింది. నీళ్ళు, రొట్టెలు దించారు, ఒడ్డుకి కబురు పంపారు. ఆ చూసినాయనది ఏ దేశమో, ఏ భాషో తాతకి ఇప్పటికీ తెలీదు.

ఇది చెప్తే "ఇప్పుడు కెమెరా, రాడార్ చూస్తాయి" అన్నారు. చెక్క పడవలు, ఫైబర్ పడవలు రాడార్‌కి సరిగ్గా అందవు. ఇనుప ఓడలాగా అవి తరంగాలని తిప్పి పంపవు. పెద్ద అలలుంటే మరీ కష్టం. పెద్ద ఓడల్లో తామెక్కడున్నదీ చెప్పే ఏఐఎస్ పరికరం ఉంటుంది. మావాళ్ళ చిన్న పడవల్లో అది ఎక్కడుంది? సరే, కెమెరా చూసిందనే అనుకుందాం. తర్వాత తాడు ఎవరు విసురుతారు?

1912లో టైటానిక్ మునిగింది. ఆ దుఃఖంలోంచి 1914లో సోలాస్ అనే ఒప్పందం పుట్టింది. ఆపదలో మనుషులున్నారని తెలిస్తే ఓడ కెప్టెన్ వీలైనంత వేగంగా సాయానికి వెళ్ళాలని ఇప్పటి సోలాస్ నియమం. కెప్టెనే లేని ఓడలో ఈ బాధ్యత ఎవరిది? ఎక్కడో ఒడ్డున ఏసీ గదిలో తెర ముందు కూర్చున్నాయనదా? ఆయన ఓడని పంపినా, మనిషిని పైకి లాగడానికి చేతులేవి?

యంత్రం చెడిపోతే? 2022లో మేఫ్లవర్ అనే చిన్న ఓడ మనిషి లేకుండా ఇంగ్లండ్ నుంచి అమెరికాకి బయల్దేరింది. దారిలో యంత్రం మొరాయించింది. బాగుచేసే చేయి లోపల లేదు. అజోర్స్ దీవులకి మళ్ళించాల్సి వచ్చింది. ఆ తర్వాత చేరింది కెనడాకి.

"మనుషులున్న ఓడలు మాత్రం గుద్దుకోవడం లేదా?" అంటారు. నిజమే. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలి అనే ఓడ వంతెనని గుద్దింది. ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ భారతీయులే. కానీ అక్కడ ముందు పోయింది కరెంటు. ఓడ మీదున్న పైలట్ వెంటనే ప్రమాదమని కబురు చెప్పారు. పోలీసులు వంతెన మీదికి వచ్చే బళ్ళని ఆపేశారు. పైన పని చేస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఆ కబురే రాకపోతే ఇంకెంతమంది పోయేవారో!

నేను కంప్యూటర్లు వద్దనడం లేదు. కొత్త రాడార్ రానివ్వండి. తుపాను ముందే చెప్పే పరికరాలు మావాళ్ళకీ ఇవ్వండి. కానీ నడిసముద్రం దాటే ప్రతి ఓడ మీదా మనుషులు ఉండి తీరాలి. లండన్‌లోని అంతర్జాతీయ సముద్ర సంస్థ ఈ ఓడలకి నియమాలు తయారుచేసే పనిలో ఉంది. ఆ బల్ల దగ్గర ఓడల యజమానులు, ఇంజినీర్లే కాదు, వేటకి వెళ్ళేవాళ్ళ మాట కూడా వినిపించాలి. ఖర్చు తగ్గేది ఓడ యజమానికి. ప్రాణం పోతే పోయేది మాది.

ఇవాళ రాత్రి కూడా మా నాన్న వేటకి వెళ్తాడు. పడవలో ఎర్ర తువ్వాలు పెట్టుకుంటాడు, తాత చెప్పాడు కాబట్టి. దాన్ని చూసేవాళ్ళు ఓడ మీద ఉండాలని అడగడం తప్పా?

— పదో తరగతి విద్యార్థిని