ఇనుప తాయెత్తు

నాయొద్ద చదువుకొని, ఇప్పుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచు, భార్యతోడను ఆఱేండ్ల కుమారునితోడను కాపురమున్న పూర్వశిష్యు డొకడు నాకు జాబు వ్రాసినాడు. భారతీయుల ఇండ్లలో బంగారముండునని యెఱిగిన దొంగలు తమ వీథిలో రెండిండ్లను దోచుకొనిరట. అందుచే నతడొక తుపాకి కొనదలచినాడు. అదియు సామాన్యమైనది గాదు. మిక్కిలి పొట్టిదగు పంపు షాట్‌గన్. దాని గుణములను మూడింటిని వర్ణించి, "మాస్టారూ, మీరేమందురు?" అని యడిగినాడు.

ఈ యుత్తరము నతని కొక్కనికే వ్రాసి యూరకుండవచ్చును. కాని సముద్రముల కావల బిడ్డయో అల్లుడో లేని చదువుకొన్న కుటుంబములు మనలో నేడు తక్కువ. ఇట్టి ప్రశ్న రేపు మఱియొక యింటికి రాగలదు. కావున నలుగురి యెదుటనే చెప్పుచున్నాను.

మొదట వస్తుస్వరూపము నెఱుగుదము. షాట్‌గన్ అనగా ఒక్క పెద్దగుండునకు మాఱుగా అనేకములగు చిన్నగుండ్లను ఒక్కమాఱు వెలిగ్రక్కు తుపాకి. ముందరి పిడిని వెనుకకు లాగి ముందునకు త్రోసినచో కాలిన తూటా వెలికిపడి క్రొత్తది గొట్టములోనికి చేరును. దీనినే పంపు అందురు. జాన్ బ్రౌనింగు కల్పించిన 1897 నాటి వించెస్టరు తుపాకివలన ఈ పద్ధతి జగత్ప్రసిద్ధ మైనది. యంత్రము సరళము, చేయి యాడినంతకాలము తుపాకియు నాడును. ఇంతవఱకు నాకు వివాదము లేదు.

వివాదమంతయు పొట్టిదనమును గూర్చియే. 2017వ సంవత్సరమున మాస్‌బర్గ్ కంపెనీవారు 590 షాక్‌వేవ్ అనియు, రెమింగ్టన్ కంపెనీవారు 870 టాక్-14 అనియు రెండు పొట్టితుపాకులను అంగడికి దెచ్చిరి. గొట్టము సుమారు 14 అంగుళములు. మొత్తము పొడవు 26 అంగుళములకు రవంత యెక్కువ. భుజమున కానించు మడమ లేదు. పక్షితలవలె వంగిన చేతిపిడి మాత్రముండును. సెర్బు సూపర్ షార్టీ యనునది యింకను పొట్టిది. దాని గొట్టము 6.5 అంగుళములే. నా శిష్యుడు కోరినది షాక్‌వేవ్.

ఇక పూర్వపక్షము. మొదటి వాదము: "ఇంటిలోని యిఱుకు నడవలలో పొడవైన తుపాకి తిరుగదు, పొట్టిది సులభముగ తిరుగును."

ఇందు సత్యాంశము కలదు. మడమతో గూడిన సామాన్యపు షాట్‌గన్ 38 అంగుళముల ప్రాంతమున నుండును. ఇది దానికంటె పండ్రెండంగుళములు తక్కువ. కాని చరిత్ర నడిగి చూడుడు. 1918లో అమెరికా సైనికులు పంపు షాట్‌గన్‌లతో ఫ్రాన్సు దేశపు కందకములలో దిగిరి. ఆ తుపాకుల భయంకరత్వమును జూచి జర్మనీ ప్రభుత్వము ఆ సెప్టెంబరు నెలలో అవి యుద్ధధర్మమునకు విరుద్ధములని ఫిర్యాదు సైతము చేసినది. మనిషి వెంట మనిషి నడువజాలని ఆ మట్టిసందులలో వాడిన తుపాకికి 20 అంగుళముల గొట్టమును, భుజమున కానించు మడమయు నుండెను. కొనకు బాకును తగిలించుకొనెడివారు. ఆ కందకముకంటె టెక్సాసు ఇంటి నడవ యిఱుకైనదా?

అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. దొంగ యింట జొచ్చినప్పుడు గృహస్థుడు చీకటిలో గదిగదికి తిరుగుట యేల? భార్యాబిడ్డల నొక గదిలో జేర్చి, తలుపు బిగించి, 911కు ఫోను చేసి, రక్షకభటులు వచ్చువఱకు అచ్చటనే యుండుట వివేకము. నిలిచియుండువానికి తుపాకి తిరుగవలసిన పనిలేదు. పొట్టిదనము నిజముగ నుపకరించునది దాచుకొనవలసినవానికి. అంగీక్రింద దాచువానికిని, సంచిలో దాచువానికిని అంగుళ మంగుళమును లెక్కయే. తన యింట తానున్న గృహస్థుడు ఎవనినుండి దాచవలయును?

తలుపు తాళములను పగులగొట్టుటకు పోలీసులును సైనికులును పొట్టి షాట్‌గన్‌లను వాడుట కలదు. అది యొక వృత్తికి జెందిన ప్రత్యేకపు పనిముట్టు. కంసాలి పట్టకారు మంచిదే. దానితో వంట చేయము.

రెండవ వాదము: "గుఱి చూడ నక్కఱలేదు; గుండ్లు చెదరిపోవును గనుక ఎటు కాల్చినను తగులును."

ఇది శుద్ధమైన అపోహ. అన్నింటికంటె ప్రమాదకరమైనది గూడ. గుండ్లు చెదరుటకు గొట్టపు పొడవు ప్రధానకారణము గాదు. కొనయందలి బిగువును, తూటాయొక్క కట్టుబడియు ముఖ్యకారణములు. ఇంటిలో మనిషికి మనిషికి నడుమ దూరమెంత? అయిదాఱు గజములు. ఆ దూరమున బక్‌షాట్ తూటా గుండ్లు సామాన్యముగ జానెడు మేరను మించి విడిపోవు. కావున గుఱి తప్పక చూడవలయును. చూచుట కెట్లు? మడమ లేనందున చెంప నానించి కంటితో సరిచూచు వీలు లేదు. రెండుచేతులను ముందునకు చాచి గాలిలో పట్టుకొనవలయును. తుపాకి తేలికయైనకొలది వెనుదన్ను హెచ్చునని పాఠశాలలో న్యూటను సూత్రము చదివిన బాలుడును చెప్పగలడు. ఏడు పౌనుల తుపాకి దన్నును భుజము భరించును; అయిదు పౌనుల తుపాకి దన్నును మణికట్టు భరింపవలయును. ముందరి పిడిపై చేయి జాఱినచో గొట్టపు కొనకే వచ్చును గనుక, షాక్‌వేవ్ చేసినవారే చేతిని బంధించుట కొక పట్టీ నమర్చిరి. ఆ పట్టీయే ఈ వస్తువును గూర్చిన సత్యమైన ప్రకటనపత్రము.

గుఱి తప్పిన గుండ్లు ఎచ్చటికి బోవును? అమెరికా యిండ్లలోపలి గోడలు చాలవఱకు చెక్కచట్రమునకు కొట్టిన జిప్సము పలకలు. తూటాలోని తొమ్మిది గుండ్లలో నొక్కొక్కటి అంగుళములో మూడవవంతు లావుండి, అట్టి గోడలను ఒకటికంటె నెక్కువగనే దాటిపోగలదు. గోడ కావల ఎవరు పండుకొనియుందురు? ఆఱేండ్ల బాలుడు. గుఱి చూడ నక్కఱలేదను మాట నమ్మి తుపాకి కొన్న తండ్రి ఈ యొక్క ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పుకొనవలయును.

మూడవ వాదము: "కాల్చనే యక్కఱలేదు, పంపు చప్పుడు వినినంతనే దొంగ పాఱిపోవును."

పాఱిపోయిన మంచిదే. కాని ఆ చప్పుడు పొడవైన తుపాకియు చేయును, అందులకు పొట్టిదెందుకు? మఱియు పాఱిపోనివానికి ఆ చప్పుడు, నీవెచ్చట నున్నావో తెలుపు గంట. ఒక శబ్దమువలననే ఆపద తొలగునని నమ్ముటకు మన పూర్వులు వేఱొక పేరు పెట్టిరి. దానిని మంత్రమందురు.

ఇచ్చటనే నా సిద్ధాంతము. మా యవ్వ పిల్లలమెడలో తాయెత్తు గట్టెడిది. లోపలి రేకుపై నేమి వ్రాసియున్నదో ఆమె యెఱుగదు. కట్టినంతనే భయము తీఱెడిది. చదువుకొన్న మనము నవ్వితిమి. తాయెత్తు వలదు, టీకాలు వేయింపుడని ఉపన్యసించితిమి. ఆ యుపన్యాసములు విని పెద్దవారైన మన బిడ్డలే నేడు ఇనుముతో పోతపోసిన తాయెత్తును కొనుచున్నారు. కొని, యొకటి రెండుమాఱులు కాల్చి, మణికట్టు నొచ్చి, మంచముప్రక్క నుంచి నిద్రించుచున్నారు. భయము తీఱినది, ఆపద తీఱలేదు. పైపెచ్చు క్రొత్త యాపద యింట జేరినది.

అయిన నింతటి యాకర్షణ యేల? సినిమాలవలన కొంత. నిషిద్ధవస్తువునకు సోదరమగుటవలన మఱికొంత. ఆ కథ వినదగినది. 1929 ఫిబ్రవరి 14వ తేదీన చికాగో నగరమున ఏడుగురిని గోడయొద్ద నిలువబెట్టి కాల్చిచంపిరి. మద్యనిషేధకాలపు ఇట్టి ఘోరముల పిమ్మట, 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ ఆక్టు వచ్చినది. దాని ముసాయిదాలో మొదట పిస్తోళ్లును ఉండెను. పెద్దతుపాకిని కోసి పిస్తోలు చేసికొని చట్టమును తప్పించుకొందు రేమోయని గొట్టమునకు కనీసపు పొడవును నిర్ణయించిరి. పిమ్మట పిస్తోళ్లను విడిచిపెట్టిరి. వానికై కట్టిన కంచె మాత్రము నిలిచినది. చేను లేదు, కంచె కలదు!

నేటికిని షాట్‌గన్ గొట్టము 18 అంగుళములకు తగ్గిన నమోదు చేయింపవలయును. ఇట్టి తుపాకికి రాజ్యాంగరక్షణ లేదని 1939లో మిల్లరు వ్యాజ్యమున సుప్రీము కోర్టు భావించినది. 2008లో హెల్లరు వ్యాజ్యమున ఇంటిలో పిస్తోలుంచుకొను హక్కును ఒప్పుకొన్నప్పుడును పొట్టి షాట్‌గన్‌ను వెలుపలనే యుంచినది. కాని భుజమునుండి కాల్చుటకు చేసినదే షాట్‌గన్ అని చట్టపు నిర్వచనము. మడమ యెన్నడును లేనిది షాట్‌గన్ గాదు. 26 అంగుళములు దాటినందున దాచుకొను ఆయుధముగ నెంచబడదు. ఈ రెండు కాదనుటల నడుమ త్రిశంకువువలె వ్రేలాడుచున్నది షాక్‌వేవ్. టెక్సాసులో దీనికి చోటిచ్చుటకై 2017 సెప్టెంబరులో రాష్ట్రచట్టమునే మార్చవలసివచ్చినది. కొన్నవాడు బాగుగ పట్టుకొనవలెనని దానికొక మడమ తగిలించెనా, నమోదు లేనిచో అది నేరము. పదేండ్ల వఱకు చెఱసాల. అనగా ఈ తుపాకి రూపము గృహరక్షణ నాలోచించి దిద్దినది గాదు. చట్టపు సందును కొలిచి దిద్దినది. అంగడివాడు దాని లోపమునే గుణముగ నమ్ముచున్నాడు.

చట్టమును గూడ నేను సమర్థింపను. మనిషి నడవడిని విడిచి అంగుళములను లెక్కించు చట్టము ఎంతదూరము పోగలదో 1992లో ఐడహో రాష్ట్రపు రూబీరిడ్జిలో లోకము చూచినది. రెండు షాట్‌గన్‌లను పొట్టిచేసి యమ్మినాడను నేరారోపణతో మొదలైన వ్యవహారము ముట్టడిగా ముదిరి, రాండీ వీవరు భార్యయు, 14 ఏండ్ల కుమారుడును, ఒక ప్రభుత్వోద్యోగియు మరణించిరి. మఱుసటియేట జూరీవారు ఆ తుపాకుల నేరమున నతడు నిర్దోషి యనిరి. 1934 నాటి 200 డాలర్ల సుంకము 2026 జనవరి 1 నుండి ఇట్టి తుపాకులకు సున్నయైనది. నమోదు మాత్రము నిలిచినది. సుంకము తప్పించుకొనుటకై కొనువారికి ఆ మిషయు లేకపోయినది. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము లైసెన్సు లేక తుపాకి గొట్టమును కుఱుచచేయ రాదనుచున్నది. కాని చట్టములు ఎట్లున్నను గృహస్థుని వివేకము గృహస్థునిదే.

"వేలమైళ్ల దూరమున కూర్చుండి చెప్పుట సులభము" అని నాశిష్యు డనవచ్చును. నిజమే. ఆత్మరక్షణ హక్కును నేను కాదనను. కాని అతడున్న దేశపు లెక్కలే చూడుము. 2021లో అమెరికాలో తుపాకులవలన 48,830 మంది మరణించిరి. అందు 26,328 మంది తమ ప్రాణములను తామే తీసికొనినవారు. 2020లో ఒకటి మొదలు 19 ఏండ్ల వఱకుగల పిల్లల మరణములకు ప్రథమకారణముగా తుపాకి మోటారు ప్రమాదములను మించినది. దొంగకై తెచ్చిన తుపాకి ఎవరి చేతబడునో తెచ్చినవాడు నిర్ణయింపలేడు.

నాయనా, నీకు నా సలహా యిది. బంగారమును బ్యాంకు లాకరులో నుంచుము. దొంగను పిలుచుచున్నది అదియే. తలుపులకు గట్టి గడియలును, వాకిట దీపమును అమర్చుము. ఇరుగుపొరుగువారితో స్నేహము చేయుము. ఇంత చేసియు తుపాకి లేనిదే నిద్రపట్టదందువేని, మడమయు తగిన పొడవును గల సామాన్యమైనదానిని కొనుము. ఉపాధ్యాయునియొద్ద కాల్చుట నేర్చుకొనుము, నీ భార్యకును నేర్పింపుము. తూటాలు తీసి వేఱుగానుంచి, తుపాకిని తాళము క్రింద నుంచుము. తాళము తీయునంతలో దొంగ మీదపడడా యందువా? ఆ రెండు నిమిషముల భయమును, ఏడాది పొడుగున ఆఱేండ్ల బాలుడు ఆ యింట తిరుగాడుటను త్రాసులో పెట్టి తూచుకొనుము.

పిస్తోలువలె ఒంటిచేత నిలువదు, షాట్‌గన్‌వలె భుజమున నిలువదు. రెంటికి చెడిన రేవడియైన ఈ వస్తువును మాత్రము ఇంట జేర్పకుము. మీ ముత్తవ్వ కట్టిన తాయెత్తు మంచిది చేయలేదు గాని, పేలనుగూడ లేదు.