వేప చెట్టు మనది, డబ్బా ధర వాళ్లది

వేప నూనెతో మొక్కల బూజు తెగుళ్లు అరికట్టే పద్ధతి తామే కనిపెట్టామంటూ అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీ 1994లో ఐరోపాలో పేటెంటు తెచ్చుకున్నాయి. ఇది మన రైతులు ఎప్పటి నుంచో చేస్తున్న పనేనని వందనా శివ తదితరులు కొట్లాడారు. 2005 మార్చి 8న ఆ పేటెంటు పూర్తిగా రద్దయింది. మంచిదే. కానీ మన గట్టు మీది వేప గింజకు ధర కట్టే హక్కు మాత్రం ఇప్పటికీ మన చేతికి రాలేదు.

జూన్, జూలై నెలల్లో మన పల్లెల్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు రాలిన వేప పళ్లు ఏరి, ఎండబెట్టి, వ్యాపారి చెప్పిన ధరకే పోసి వస్తారు. అవి నూనె మిల్లుకు పోతాయి. దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ 2015లో వేపనూనె పూత తప్పనిసరి చేశాక నూనెకు గిరాకీ పెరిగింది. మిగిలిన దారి మనకు తెలిసిందే: పత్తికి, మిరపకు పురుగు పట్టే వేళకు అదే గింజ 1,500 పీపీఎం, 10,000 పీపీఎం అని రాసిన డబ్బాలో తిరిగి వస్తుంది. అందులో అజాడిరాక్టిన్ నిజంగా అంత ఉందో లేదో రైతు ఎలా తేల్చుకోవాలి?

2021-22లో నల్ల తామర పురుగు మిరపను తినేస్తుంటే, దిక్కుతోచక బయో మందుల పేరిట ఏది ఇస్తే అది కొట్టినవాళ్లు మనలో ఎందరో. వేప ఒక్కటే ఆ పురుగును ఆపేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వేప పురుగును అక్కడికక్కడే చంపదు. తిండి మాన్పిస్తుంది, గుడ్లు పెట్టనివ్వదు, పిల్ల పురుగును కుబుసం విడవనివ్వదు. పొద్దున కొట్టి సాయంత్రానికి చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టే అలవాటు మనకు మందుల కంపెనీలు నేర్పిందే. ఎండకు దీని బలం తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రం పూటే కొట్టాలి, పురుగు ముదరక ముందే మొదలుపెట్టాలి.

కషాయం చేయడం పెద్ద విద్యేమీ కాదు. నీడన ఆరిన 5 కిలోల గింజల పప్పు పొడి చేసి, పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు పొడి కలిపి, వంద లీటర్లు చేసుకోవడమే. బూజు పట్టిన గింజ, ఏడాది దాటిన గింజ పనికిరాదు. కష్టమల్లా పొడి కొట్టడంలోనే ఉంది. రోట్లో దంచి పదెకరాల పత్తికి కొట్టమంటే ఎవరి వల్లా కాదు. పాత ఖమ్మం జిల్లా పునుకులలో 2000 తర్వాత పత్తి రైతులు పురుగుమందులు మానుకున్నప్పుడు, పొడి కొట్టే యంత్రం ఊళ్లోనే ఉండటం, దాన్ని మహిళా సంఘం నడపడం కలిసొచ్చాయి.

మన సంఘం అడగాల్సింది ఇదే. ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గరా పొడి యంత్రం పెట్టాలి. ఏరిన గింజను ఊళ్లోనే సరైన ధరకు కొనాలి. దుకాణాల్లోని వేప మందుల నమూనాలు సీజనుకు ముందే పరీక్షించి, ఫలితాలు ఊరి బోర్డు మీద అంటించాలి. పురుగు పట్టాక వచ్చే ఫలితం ఎవరికీ అక్కరకు రాదు. ఈ అర్జీలు మే నెలలోపే మండల వ్యవసాయ అధికారికి చేరాలి, జూన్‌లో పళ్లు రాలడం మొదలవుతుంది.